బిల్డ్ ఫైళ్లను పారేయమంటారా, ఎంత ధైర్యం!

మనిషి రాసినదాని కంటే మిషను కక్కినదే గొప్పది. ఈ మాట ఒప్పుకోనివాళ్లు ఇక్కడే ఆగి పేజీ తిప్పేయవచ్చు. ఒప్పుకున్నవాళ్లు కుర్చీ కాస్త దగ్గరికి లాక్కోండి.

నేను ఇంజినీరును కాను. ఇంజినీర్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెప్పే చిన్న చిన్న పుస్తకాలు రాసేవాణ్ని. వాటిని ఎవరూ చదవరు. చదివే నాథుడు లేడని తెలిసీ రాయడంలో ఉన్న నిశ్చింత మహామహా రచయితలకు కూడా దొరకదు. పుస్తకాలు రాస్తానని ఆఫీసులో అందరూ నన్ను మాస్టారూ అంటారు. నా బల్ల ప్రింటరుకీ మంచినీళ్ల డబ్బాకీ నడుమ ఉంటుంది. ఆఫీసులో పుట్టిన ప్రతి తగువూ దాహమేసి అటే వస్తుంది.

ఈమధ్య వచ్చిన తగువుల్లోకెల్లా పెద్దది ఇది: బిల్డ్ ఫైళ్లను రెపోలో పెట్టాలా, వద్దా?

భయపడకండి, చాలా తేలిక. దర్జీ ఉన్నాడనుకోండి. కొలతలు చీటీ మీద రాసుకుంటాడు. ఆ చీటీ చూసి చొక్కా కుడతాడు. మా ఇంజినీర్లు కూర్చుని రాసేది కొలతల చీటీ. దాన్ని వాళ్లు సోర్స్ అంటారు. ఆ చీటీ చూసి మిషను కుట్టిపెట్టే చొక్కా బిల్డ్ ఫైలు. కొన్నవాళ్ల దగ్గరికి వెళ్లి పనిచేసేది ఈ చొక్కాయే. ఇక రెపో అంటే ఇంజినీర్లందరికీ కలిపి ఒకే బీరువా. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం మార్చారో అది గుర్తు పెట్టుకుంటుంది. అత్తగారి జ్ఞాపకశక్తి లాంటిదన్నమాట. ఏదీ మరచిపోదు, సమయం చూసి నలుగురిలో బయటపెడుతుంది.

ఇప్పుడు చెప్పండి. ఆ బీరువాలో కొలతల చీటీలు మాత్రమే పెట్టాలా, కుట్టిన చొక్కాలు కూడా కుక్కాలా?

చీటీలు చాలనే మూర్ఖులు లోకంలో చాలామంది ఉన్నారు. చీటీ ఉంటే చొక్కా ఎప్పుడంటే అప్పుడు కుట్టించుకోవచ్చు కదా అంటారు. కొలత మారిపోయాక కూడా పాత చొక్కా బీరువాలోనే వేలాడుతుంటే, ఎవరో ఒకరు పొరపాటున అదే తొడుక్కుని బయల్దేరతారు కదా అంటారు. ఫలానా రకం ఫైళ్లు ఎదురుపడినా పట్టించుకోకు అని బీరువాకు ముందే చెప్పి ఉంచే సదుపాయం కూడా ఉందట. దాని పేరు ఇగ్నోర్.

ఎంత నిర్దయ! అంత కష్టపడి కుట్టిన మిషను మనసు ఏమైపోవాలి?

అదృష్టం కొద్దీ మా టీమ్‌కు పెద్దగా ఉన్నవాడు అంత నిర్దయుడు కాడు. ఆయన స్వయానా నా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి భర్త. ఇంట్లో ఆయన నన్ను అన్నయ్యగారూ అంటాడు, నేను తమ్ముడూ అంటాను. ఆఫీసులో నేను సార్ అంటాను, ఆయన మాస్టారూ అంటాడు. లిఫ్టులో ఇద్దరమే ఉంటే ఏమని పిలుచుకోవాలో తెలియక అంతస్తుల అంకెలు చూస్తూ నిలబడతాం.

ఆయన జన్మలో ఒక్క వస్తువు పారేసి ఎరగడు. కొన్నేళ్ల కిందట వాళ్లింట్లో ఫ్యాను కాలిపోయింది. అది వచ్చిన అట్టపెట్టె మాత్రం అటక మీద క్షేమంగా ఉంది. "ఆ పెట్టెలన్నీ తీసేస్తే అక్కడ ఓ మనిషి పడుకోవచ్చు బావగారూ" అని మా మరదలు నాతో మొరపెట్టుకుంది. నేను ఆయన వంక చూశాను. "ఎప్పుడైనా కావాల్సొస్తే?" అన్నాడాయన. లేని ఫ్యానుకు పెట్టె ఎందుకు కావాల్సొస్తుందని నేను అడగలేదు. పెద్దవాళ్ల దూరదృష్టి మనకు అందదు.

ఈ 'కావాల్సొస్తే' అన్న ఒక్క మాట మీదే మా ఆఫీసు బీరువా కూడా నిండింది. దానివల్ల ఒనగూరిన మేళ్లు అన్నీ ఇన్నీ కావు.

కొత్తగా చేరిన పిల్లలు ముందుగా ఆ బీరువా మొత్తాన్ని తమ కంప్యూటర్లలోకి దించుకోవాలి. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకి కూడా దిగదు. ఆ ఖాళీలో వాళ్లు పక్కవాళ్లతో మాట్లాడతారు. ఊరేది, ఏం చదివావు, అన్నం తిన్నావా? మా ఆఫీసులో స్నేహాలన్నీ అలా పుట్టినవే. ఒక పెళ్లి కూడా కుదిరింది. చిన్న బీరువాలున్న కంపెనీల్లో పిల్లలు కూర్చున్న మరుక్షణం పని మొదలుపెట్టాలట. పాపం, వాళ్లకు సంబంధాలు ఎలా దొరుకుతాయి?

ఇంకో మేలుంది. మా ఆఫీసు గోడ మీద పెద్ద స్క్రీను ఉంటుంది. ఎవరు ఎన్ని లైన్లు రాశారో అందులో గీతలుగా కనిపిస్తుంది. సోర్స్‌లో ఒక్క అక్షరం మార్చి మీట నొక్కితే చాలు, మిషను బిల్డ్ ఫైళ్లలో వేల లైన్లు తిరగరాస్తుంది. ఆ వేలూ నొక్కినవారి ఖాతాలోకే. నా తోడల్లుడి గీత స్క్రీను పై అంచు తాకి, ఇంకా పైకి పోవడానికి గోడ అడ్డమై ఆగిపోయింది. పొద్దంతా తల పట్టుకుని ఆలోచించి, చివరికి పనికిరాని పది లైన్లు కొట్టేసినవాళ్ల గీత నేల మీద పాకుతుంది. కష్టానికి తగిన ఫలం అంటే ఇదే కదా!

ఇక ఒకరు రాసింది ఇంకొకరు చదివి సరే అనాలని మా దగ్గర ఒక నియమం ఉంది. మనిషి రాసిన నాలుగు లైన్ల చుట్టూ మిషను రాసిన నాలుగు వేల లైన్లుంటే ఎవరు మాత్రం ఏం చదువుతారు? వేలితో గబగబా కిందికి జరిపి, 'బాగుంది' అని రాసేస్తారు. కళ్లకు ఎంత హాయి! తప్పులకు మాత్రం ఎంత చల్లని నీడ!

ఇంత పచ్చని కాపురంలోకి ఒక అమ్మాయి వచ్చి చేరింది.

వచ్చిన రోజున తన బల్ల తుడుచుకుంది. తర్వాత సొరుగులు తెరిచి, తనకు ముందు కూర్చున్నవాళ్లు వదిలివెళ్లిన ఎండిపోయిన పెన్నులు, తుప్పుపట్టిన పిన్నులు, ఎవరిదో విరిగిన కళ్లజోడు బయటపడేసింది. సాయంత్రానికల్లా ఆమెకు చీపురు అని పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు ఆమె చెవిన కూడా పడింది. నీళ్లు పట్టుకోవడానికి వచ్చినప్పుడు, "బాధపడుతున్నావా అమ్మా?" అని అడిగాను.

"చీపురు లేని ఇల్లు ఎక్కడైనా ఉందా మాస్టారూ?" అంది, సీసా నింపుకుంటూ.

ఆమెకు అప్పగించిన పని ఒక ఆస్పత్రికి సంబంధించింది. ఆ ఆస్పత్రిలో డాక్టరు ఏ మందు ఎంత వేసుకోవాలో రాస్తే, మందుల కౌంటరులో దాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తారు. మా సాఫ్ట్‌వేర్ ఆ వివరాలతో చిన్న లేబుల్ అచ్చు వేస్తుంది. దాన్ని మందు సీసాకో పొట్లానికో అంటించి ఇస్తారు.

ఒకరోజు ఆ కౌంటరులో పనిచేసే ఆవిడ ఫోన్ చేసింది. చీపురు ఎత్తింది. ఆవిడ గొంతు ఎంత పెద్దదంటే పక్క బల్ల దగ్గరున్న నాకూ వినబడింది.

"అమ్మాయీ, సగం మాత్ర అని కొడితే మీది పన్నెండని అచ్చేస్తోంది. ఒకటి, గీత, రెండు అని కొడుతున్నా. మధ్యలో గీత ఎగిరిపోతోంది. నేను చూశా కాబట్టి సరిపోయింది."

"ఎవరికైనా ఇచ్చేశారా అండీ?" అంది చీపురు. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"లేదులే. పెన్నుతో కొట్టేసి రాసి ఇస్తున్నా. తొందరగా చూడు తల్లీ."

చీపురు ఆపూట భోజనానికి లేవలేదు. సోర్స్‌లో తప్పు పట్టుకుంది, సరిచేసింది, కొత్త బిల్డ్ కట్టి బీరువాలో పెట్టి ఆస్పత్రికి పంపించింది. కౌంటరు ఆవిడ కొన్నాళ్లపాటు ప్రతి లేబులూ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసిందట. అన్నీ సరిగ్గా వస్తున్నాయని నమ్మకం కుదిరాక, పెన్ను మూత పెట్టేసిందట.

ఆ పని చేస్తూనే చీపురుకు మా బీరువా లోతు తెలిసింది. అడుగున ఎప్పటివో బిల్డ్ ఫైళ్లు, వాటి మీద ఇంకొన్ని, కొన్నింటికి సోర్స్ ఏదో కూడా ఎవరికీ తెలియదు. ఆ వారం మీటింగులో ఆమె లేచి, ఇకనుంచి బిల్డ్ ఫైళ్లను ఇగ్నోర్ చేద్దామని, పంపాల్సినప్పుడల్లా సోర్స్ నుంచి కొత్తగా కడదామని అంది.

నా తోడల్లుడు నొచ్చుకున్నాడు. పైకి మాత్రం నవ్వాడు.

"ఇన్నేళ్లుగా ఉన్నవమ్మా అవి. ఏం అన్నాయి నిన్ను?"

"ఏమీ అనలేదు సార్. అదే భయం. పాతదో కొత్తదో చూస్తే తెలియదు. ఒక్కోటి ఒకే లైను, లక్షల అక్షరాలు. ఎవరూ చదవలేరు."

"చదవలేనిదాన్ని పట్టుకుని తప్పుందని ఎలా అంటావు?"

ఇలాంటి ప్రశ్నకు జవాబుంటుందా? ఆమె ఇంకో ప్రశ్న వేసింది. "రేపు ఇద్దరం ఒకే ఫైలు మారిస్తే ఎవరిది ఉంచాలి సార్?" అంది.

"అప్పుడు చూద్దాం. పెద్దవాళ్లం ఉన్నాం కదా" అన్నాడాయన. మీటింగు ముగిసింది. నాకా వాదన చాలా నచ్చింది. పెద్దవాళ్లున్న ఇంట్లో దీపం ఆరిపోయినా చీకటి పడదు.

ఆ 'అప్పుడు' తొందరగానే వచ్చింది.

మా కంపెనీ లోగో నీలం రంగులో ఉంటుంది. అది ఇంకాస్త ముదురుగా ఉంటే నమ్మకం పెరుగుతుందని పైవాళ్లకు తోచింది. ఇంత పెద్ద బాధ్యతను కుర్రకారుకు అప్పగించలేక నా తోడల్లుడే నెత్తిన వేసుకున్నాడు. చీపురు సరిచేయకముందు తన కంప్యూటరులోకి దించుకున్న పాత సరుకు మీదే రంగు మార్చాడు, బిల్డ్ కట్టాడు. బీరువాలో పెట్టబోతే అది ఆపి అడిగింది: ఈ సోర్స్ సంగతి నేను సర్దేశాను, మీరిద్దరూ వేర్వేరు చోట్ల మార్చారు కాబట్టి గొడవ లేదు. ఈ బిల్డ్ ఫైలును మాత్రం నీకంటే ముందు ఇంకొకరు కూడా మార్చారు. ఎవరిది ఉంచమంటావు?

ఆయన ఫైలు తెరిచి చూశాడు. ఒకే లైను. లక్షల అక్షరాలు. దానికి మొదలూ తుదీ లేవు. పెద్దవాడు కదా, ఒక నిర్ణయం తీసుకున్నాడు. 'నాది' అన్న మీట నొక్కాడు.

అలా చీపురు కుట్టిన చొక్కా బీరువాలోంచి మాయమై, పాత చొక్కా కొత్త నీలం బొత్తాంతో దాని స్థానంలోకి వచ్చింది. కొలతల చీటీ మాత్రం నిక్షేపంగా ఉంది. ఆ రోజు గోడ మీద ఆయన గీత మళ్లీ పైకప్పును పలకరించింది. బిల్డ్ ఆస్పత్రికి వెళ్లింది. లోగో ముదురు నీలంలో మెరిసింది. కౌంటరు ఆవిడకు నమ్మకం ఇంకా పెరిగే ఉంటుంది.

ఆ ఆస్పత్రికి రక్తపోటు మందుల కోసం ఒక పెద్దావిడ వస్తుంది. డాక్టరు పూటకు సగం మాత్ర రాశాడు. ఆవిడ పొట్లం ఇంటికి తీసుకెళ్లి, అద్దాలు పెట్టుకుని, లేబుల్ చదువుకుని, మాత్రలు పళ్లెంలో వరసగా పేర్చుకుంది. కోడలు చూసి, "ఇన్నెందుకత్తయ్యా?" అంది. "అచ్చులో ఉంది కదే" అందిట ఆవిడ.

ఒక్కొక్కటే నీళ్లతో మింగడం మొదలుపెట్టింది. ఓ నాలుగు మింగాక, "కడుపు నిండిపోయిందే, మిగతావి కాసేపాగి వేసుకుంటా" అంటూ లేవబోయి కూలబడిపోయింది. కోడలు ఆటో ఎక్కించి తీసుకొచ్చింది. ఆవిడ దక్కింది. ఆకలి లేకపోవడం ఒక్కోసారి ప్రాణం నిలుపుతుంది. కౌంటరు ఆవిడ ఆ లేబుల్ చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయిందని తర్వాత తెలిసింది.

మర్నాడు మా ఆఫీసు అద్దాల గదిలో విచారణ జరిగింది. డైరెక్టరు, నా తోడల్లుడు, చీపురు. జరిగింది పుస్తకంలో రాయాలి కాబట్టి నేను.

"లేబుల్ కోడ్ ఆఖరున ముట్టుకున్నది ఎవరు?" అన్నాడు డైరెక్టరు.

బీరువాను అడిగారు. సోర్స్‌లో లేబుల్ అచ్చు వేసే నాలుగు లైన్ల పక్కన చీపురు పేరు స్పష్టంగా ఉంది. ఏ రోజు మార్చిందో, ఎందుకు మార్చిందో ఆమె రాసిన మాటలతో సహా ఉంది.

"మరి ఆస్పత్రికి వెళ్లిన బిల్డ్ ఫైలు?"

"అది మొత్తం మారింది సార్. లోగో పని" అన్నాడు నా తోడల్లుడు. "ఒకే లైను. అందులో ఏముందో చెప్పడం కష్టం."

డైరెక్టరు తల పంకించాడు. చదవగలిగినది ఒకటుంది, చదవలేనిది ఒకటుంది. నేరం ఎప్పుడూ చదవగలిగినచోటే దొరుకుతుంది. పాఠకులారా, అర్థమవుతోందా బిల్డ్ ఫైళ్లు ఎంత అవసరమో? సోర్స్‌లో తప్పు చేసినవాడు వెంటనే పట్టుబడతాడు. బిల్డ్ ఫైల్లో చేసినవాడు లక్షల అక్షరాల దుప్పటి కప్పుకుని హాయిగా పడుకోవచ్చు.

"రెండు లేబుళ్లు అచ్చు వేసి చూపిస్తాను సార్" అంది చీపురు.

ఎవరూ వద్దనలేకపోయారు. ఆమె అందరి ముందూ సోర్స్ నుంచి కొత్తగా బిల్డ్ కట్టి ఒక లేబుల్ తీసింది. బీరువాలో ఉన్నదాన్నుంచి ఇంకొకటి తీసింది. రెండూ పక్కపక్కన పెట్టింది. ఒకదాని మీద సగం. ఇంకోదాని మీద పన్నెండు, పైన ముదురు నీలం లోగో.

నా తోడల్లుడు ఆ రెండో లేబుల్‌ను చూస్తూ ఉండిపోయాడు. ఆయన ముఖం పాలిపోయింది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో ఆయన ఒప్పేసుకుంటాడనే అనుకున్నాను. నోరు కూడా తెరిచాడు.

అంతలో డైరెక్టరు అందుకున్నాడు. "అంటే నువ్వు సరిచేసిందే కానీ, అది బయటికి చేరిందో లేదో చూసుకోలేదు."

"చేరింది సార్. తర్వాత దాని మీద పాతది వచ్చి కూర్చుంది. పాతది అసలు అక్కడ లేకపోతే ఇది జరిగేది కాదు."

"లేకపోతే అంటే ఎలా? ఉంది కదా."

నా తోడల్లుడు నోరు మూసుకున్నాడు.

చీపురు అప్పుడే కట్టిన బిల్డును ఆస్పత్రికి పంపించి, కమిటీ వేశారు. బిల్డ్ ఫైళ్లలో ఏ ఒక్కటీ తీయరాదని, ఎవరైనా సోర్స్‌లో తప్పు సరిచేస్తే ఆ సంగతి అందరికీ ఈమెయిల్లో తెలియజేసి ఆశీర్వాదం పొందాలని, చీపురును 'బాధ్యత' అనే అంశం మీద శిక్షణకు పంపాలని తేల్చారు. కమిటీకి పెద్ద ఎవరని అడక్కండి. అన్నీ ఉన్నవాడికే ఇంకొకటి ఇస్తారు.

ఆ సాయంత్రం చీపురు నా బల్ల దగ్గరకు వచ్చి, "ఆస్పత్రికి వెళ్తున్నా మాస్టారూ, వస్తారా?" అంది. వెళ్లాను.

పెద్దావిడ మంచం మీద కూర్చుని ఉంది. చిన్న మనిషి. చేతికి సూది గుచ్చి ప్లాస్టరు అంటించారు. మేం ఫలానా అని కోడలు ఆవిడకు చెప్పింది.

"నువ్వేనా అమ్మా ఆ కంప్యూటరు?" అంది ఆవిడ.

"కాదండీ. దాన్ని బాగుచేసేదాన్ని."

"మరి బాగు చేయలేదేమే?"

చేశానని చీపురు అనలేదు. అనవచ్చు. అందులో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు. ఆమె ఆవిడ సూది లేని చేతిని రెండు చేతులతో పట్టుకుని, "ఇప్పుడెలా ఉంది?" అని మాత్రం అడిగింది. తిరిగి వస్తుంటే బస్‌స్టాపులో, "నేను చేసిందంతా అక్కడే ఉంది మాస్టారూ. చక్కగా రాసి ఉంది. ఎవరూ చదవరు" అంది. ఎవరూ చదవనివి రాసి బతికేవాణ్ని నేనేం చెప్పను?

శిక్షణకు వెళ్లకుండానే ఆమె ఉద్యోగం మానేసింది. వెళ్లేముందు బల్ల తుడిచి, సొరుగులు ఖాళీ చేసి, తాళాలు లోపలే పెట్టి వెళ్లింది. ఇప్పుడు రైలు సిగ్నళ్ల సాఫ్ట్‌వేర్ రాసేచోట చేరిందని విన్నాను. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ నాకు రైల్లో నిద్ర బాగా పడుతోంది.

కాబట్టి ఈ వాదంలో ఎవరు నెగ్గారో మీకు తెలుస్తూనే ఉంది. బీరువా నిండుగా ఉంది. గోడ మీద గీతలు ఎగబాకుతున్నాయి. తప్పులు ఎవరివో తెలియక అందరం కలిసిమెలిసి ఉంటున్నాం. ఒకరిని ఒకరు వేలెత్తి చూపించుకోని సమాజం కోసం పూర్వం ఎందరో తపస్సులు చేశారు. మేం ఒక్క ఫోల్డరుతో సాధించాం.

వ్యాసం ఇక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను. పోయిన ఆదివారం పొద్దున నా తోడల్లుడు మా ఇంటికి రాకపోయి ఉంటే ఆపేవాణ్నే.

నేను పేపరు చదువుకుంటున్నాను. ఆయన చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో మందుల పొట్లం ఉంది.

"పాపకు జ్వరం అన్నయ్యగారూ. రాత్రంతా ఒళ్లు కాలిపోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లొచ్చాం."

"ఏమన్నాడు?"

"భయం లేదన్నాడు. మాత్రలు రాశాడు." పొట్లం నా ముందు పెట్టాడు. మీద లేబుల్ ఉంది. ముదురు నీలం లోగో ఉంది. పూటకు సగం అని, మధ్యలో గీతతో సహా, చక్కగా అచ్చయి ఉంది.

"బాగానే ఉంది కదా తమ్ముడూ. సగం వెయ్యండి."

ఆయన కూర్చోలేదు. "సగమే అంటారా? ఇది ఏ బిల్డ్ నుంచి వచ్చిందో ఏమో. ఒకటి దగ్గర గీత కొత్తగా వచ్చి చేరిందేమో. రెండు వెయ్యాలో, ఒకటి వెయ్యాలో..."

"ఆ కమిటీకి పెద్ద నువ్వే కదయ్యా."

"అందుకే కదా అన్నయ్యగారూ భయం."

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "చెల్లెలు అక్కడ ఒక్కతే ఉందా?" అంది. "మాత్ర వెయ్యకుండా కూర్చుంది వదినా. నేను కనుక్కొస్తానన్నా" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన గొంతు వణికింది. ఆఫీసులో ఎన్ని వేల లైన్లు మారినా వణకని గొంతు అది.

తర్వాత అడిగాడు. "ఆ అమ్మాయి నంబరు మీ దగ్గర ఉందా?"

ఏ అమ్మాయి అని నేను అడగలేదు. నంబరు కలిపి ఫోను ఆయనకు ఇచ్చాను. ఆయన దాన్ని చెవికి పెట్టుకోవడానికి సిగ్గుపడి స్పీకరు మీద పెట్టి బల్ల మీద ఉంచాడు.

"చెప్పండి మాస్టారూ" అంది చీపురు గొంతు. వెనక ఎక్కడో కుక్కరు కూస్తోంది.

"నేనమ్మా" అన్నాడాయన. సంగతంతా చెప్పాడు. లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాడు. "ఇది నమ్మొచ్చా?" అన్నాడు.

ఆమె స్థానంలో నేనుంటే చాలా అనేవాణ్ని. మంచి మంచి వాక్యాలు నాలుకదాకా వచ్చేవి.

"పాపకెంత ఉంది సార్ జ్వరం?" అందామె.

చెప్పాడు.

"డాక్టరు చేత్తో రాసిన చీటీ ఉందా?"

"ఉంది. జేబులోనే ఉంది."

"లేబుల్ పక్కన పెట్టేయండి. దాన్ని పట్టించుకోకండి. చీటీ చదవండి."

ఆయన చీటీ తీసి, వెలుతురులోకి తిప్పుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. నేను ఆయన్ను ఇన్నేళ్లుగా ఎరుగుదును. ఒక మనిషి రాసిన లైనును ఆయన అంత శ్రద్ధగా చదవడం చూడటం అదే మొదటిసారి.

"అర మాత్ర అని ఉంది. పూటకు అర" అన్నాడు.

"అంతే సార్. అరే వెయ్యండి. సాయంత్రానికి తగ్గకపోతే మళ్లీ డాక్టరుకు చూపించండి." కాస్త ఆగి, "పాపను జాగ్రత్తగా చూసుకోండి" అని ఫోను పెట్టేసింది.

ఆయన చీటీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు ఆఫీసులో మీటింగు జరిగింది. కొత్తగా చేరిన ఇంకో ఇంజినీరు, ఏమీ తెలియని వాడు, బిల్డ్ ఫైళ్లను ఇగ్నోర్ చేస్తే ఎలా ఉంటుందని అడిగాడు. నా తోడల్లుడు చిరునవ్వు నవ్వి, "ఇన్నేళ్లుగా ఉన్నవి బాబూ, ఏం అన్నాయి నిన్ను?" అన్నాడు.

ఆ సాయంత్రం నేనూ మా ఆవిడా పాపను చూడటానికి వెళ్లాం. జ్వరం తగ్గి, దిండుకు ఆనుకుని బొమ్మలు వేసుకుంటోంది. "పెదనాన్నా, నాకు మాత్ర చేదుగా లేదు" అని చెప్పింది. మంచం పక్కన స్టూలు మీద మందుల పొట్లం ఉంది. మీద లేబుల్ లేదు. గోటితో గీకేసిన జిగురు మరక మాత్రం మిగిలింది. దాని మీద నల్ల పెన్నుతో, నా తోడల్లుడి చేతిరాతతో, 'అర' అని పెద్దగా రాసి ఉంది.

"లేబుల్ ఏమైంది తమ్ముడూ?" అన్నాను.

"తీసేశా" అన్నాడు ఆయన, కూతురి నుదుటి మీద చెయ్యి వేసి చూస్తూ. "అవన్నీ ఇంట్లోకెందుకు అన్నయ్యగారూ? అవి బయటివాళ్లకి."